బి.ఎస్‌సి. కెమిస్ట్రీ ఖరీదెంత?

2025 జూన్ నెల. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైనా చినుకు రాలలేదు. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చబోతుండగా, నాకు తమ్ముడి వరసైనవాడు ఒకడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెంబెడు నీళ్ళు తాగాడు. వానల సంగతీ, పత్తి గింజల ధరల సంగతీ మాట్లాడాడు. అతను వచ్చిన పని ఇవేవీ కావని నాకు తెలుసు. అంత ఎండలో వానల సంగతి మాట్లాడడానికి ఎవరూ రారు.

చివరికి గొంతు తగ్గించి, "అన్నా, మా పిల్ల సర్టిఫికెట్టుకు బేరమొచ్చింది" అన్నాడు.

పిల్లలకు సంబంధాలు రావడం విన్నాను గాని, సర్టిఫికెట్లకు బేరాలు రావడం వినడం నాకదే మొదలు.

"ఎవరు? ఎంతకు?" అన్నాను.

"మందుల దుకాణపాయన. ఏడాదికి పన్నెండు వేలిస్తడట. పిల్ల పోయి కూసునే పని గూడ లేదట. కాయితం గోడకు పెట్టుకుంటే సాలట."

మందులంటే జ్వరానికి వేసుకునేవి కావు. మా రఘునాథపల్లిలో మందుల దుకాణమంటే పత్తిచేలకు కొట్టే పురుగుమందులూ, ఎరువులూ అమ్మే దుకాణం. ఆ దుకాణదారుకు మా తమ్ముడి కూతురి పట్టా ఎందుకు కావలసి వచ్చిందో పాఠకులకు కొంచెం చెప్పాలి. 2015లో కేంద్ర ప్రభుత్వం పురుగుమందుల నిబంధనలు సవరించింది. వ్యవసాయంలో గాని, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాలలో ఒకటి పాఠ్యాంశంగా వున్న సైన్సులో గాని పట్టా పుచ్చుకున్నవారు వుంటేనే కొత్తగా అమ్మకపు లైసెన్సు ఇవ్వాలన్నారు. ఎరువుల అమ్మకానికీ ఇంచుమించు అలాటి షరతే పెట్టి, వ్యవసాయ పట్టాతో సమానంగా బి.ఎస్‌సి. కెమిస్ట్రీని పేరుపెట్టి మరీ రాశారు. ఏళ్ళ తరబడి అమ్ముతున్నవాళ్ళకు గడువులూ, పట్టా లేనివాళ్ళకు చిన్న శిక్షణలూ వచ్చాయనుకోండి. కాని కొడుకు పేరనో, అల్లుడి పేరనో కొత్త దుకాణం తెరవాలంటే పట్టా కావాలి. పట్టా వున్నవాళ్ళు దుకాణంలో కూర్చోరు, కూర్చునేవాళ్ళకు పట్టా వుండదు. అక్కడినుంచే ఈ కిరాయి బేరం పుట్టింది.

అమ్మాయి 2024లో బి.ఎస్‌సి. పాసయింది. ఏడాదిగా ఇంట్లోనే వుండి, వచ్చిన పరీక్ష ప్రకటనకల్లా దరఖాస్తు పెడుతోంది. మా తమ్ముడికి రెండున్నర ఎకరాల మెట్ట వుంది. దాని తరవాత చదివే కొడుకొకడున్నాడు.

"మూడేండ్లు చదివిపిస్తిని. బి.ఎస్‌సి. కెమిస్ట్రీ అంటే గింతేనా అన్నా ఖరీదు? ఏడాదికి పన్నెండు వేలా?"

అతను నన్నే ఎందుకడిగాడంటే, మా వూళ్ళో ఆ పట్టా పట్టుకుని పట్నం పోయిన మొదటివాళ్ళలో నేనొకణ్ణి. ముప్ఫై ఏడేళ్ళు ఆ పట్టామీదే తిన్నాను. అయినా చటుక్కున జవాబు చెప్పలేకపోయాను. "ఆదివారం పిల్లను తోలుకొని రా. లెక్కేద్దాం" అని పంపించాను.

మా రఘునాథపల్లి సికిందరాబాదు నుంచి కాజీపేట పోయే రైలుదారిలో జనగామ దాటాక వస్తుంది. వరంగల్ జిల్లాలో పుట్టిన వూరు. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు అడుగు కదపకుండానే జనగామ జిల్లాకు చేరింది. 1977లో నేను సీజను టిక్కెట్టు కొనుక్కుని పొద్దున్నే పాసెంజరెక్కి ఘనపూర్, పెండ్యాల మీదుగా కాజీపేటలో దిగి, హనుమకొండ సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీకి పోయేవాణ్ణి. కాకతీయ విశ్వవిద్యాలయం అంతకు ముందు సంవత్సరమే, 1976లో, ఏర్పడింది. కొత్త విశ్వవిద్యాలయం, కొత్త ముద్ర. ప్రాక్టికల్సు వున్న రోజు సాయంత్రం బండిలో మా పక్కన ఎవరూ కూర్చునేవారు కారు. లవణ పరీక్షలకు వాడే హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. చొక్కాకు పట్టిందంటే ఇంటిదాకా వదలదు. ఒక్కోసారి ఆ కంపు పుణ్యమా అని కిటికీ పక్క చోటు దొరికేది.

ప్రయోగశాలలో ఒక్కొక్క బల్లకు ఐదుగురం. మా బల్ల సంగతి చెబితే ఈ పట్టా విలువ గురించి నాకు తెలిసినదంతా దాదాపు చెప్పినట్లే. ఐదుగురివీ ఒకే పుస్తకాలు, ఒకే లెక్చరర్లు, ఇంచుమించు ఒకే మార్కులు. 1980లో ఒకే నెలలో పట్టాలు చేతికొచ్చాయి.

మొదటివాడు బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్.లో చేరాడు. సోవియట్ సహాయంతో పెట్టిన ప్రభుత్వ ఔషధ సంస్థ. క్వార్టర్సు, క్యాంటీను, ఇంటిముందుకు వచ్చే బస్సు. ఆ కాలంలో మా అయిదుగురిలో రాజు వాడే. పిల్లనిస్తామని ముగ్గురు మామలు వెంటపడ్డారు. రెండోవాడు బి.ఇడి. చేసి జిల్లా పరిషత్ హైస్కూల్లో మాస్టరయ్యాడు. "పంతులు కొలువా?" అని అప్పట్లో మేము కొంచెం తక్కువగా చూశామని ఒప్పుకోవాలి. మూడోవాడు ఎం.ఎస్‌సి. చేసి, తార్నాక ప్రయోగశాలలో పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకుని అమెరికా పోయాడు. నాలుగోవాణ్ణి నేను. జీడిమెట్లలో ఒక చిన్న ఔషధ కర్మాగారంలో నెలకు 350 రూపాయలకు ట్రైనీ కెమిస్టుగా చేరాను. అయిదోవాడి సంగతి తరవాత చెబుతాను. మా బల్ల మీద బ్యూరెట్టు పట్టుకుంటే చుక్క ఎక్కువ పడనివాడు వాడొక్కడే.

ఇప్పుడు లెక్క చూడండి. 1985లో అడిగితే ఐ.డి.పి.ఎల్. వాడి పట్టా అందరికంటే ఖరీదైనది. 1992లో ఆ సంస్థను ఖాయిలా పడిన సంస్థగా ప్రకటించారు. తరవాత వాడు స్వచ్ఛంద విరమణ తీసుకుని, వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టి, బీమా పాలసీలు అమ్ముతూ కాలం వెళ్ళబుచ్చాడు. మేము చిన్నచూపు చూసిన పంతులు హెడ్మాస్టరుగా దిగి, ఇవాళ పింఛను తీసుకుంటున్నాడు. నాకూ పింఛను వస్తుంది లెండి, భవిష్యనిధి వాళ్ళిచ్చేది. నెలకు 2,000 పైచిలుకు. వాడి పింఛనులో పాలఖర్చు, పేపరు ఖర్చు అంత వుంటుంది. ఇప్పటి పిల్లలు మాత్రం పంతులుగారిని చూసి లెక్కలు వేసుకోకూడదు. 2004 సెప్టెంబరు 1 తరవాత చేరినవారికి ఆ పాత పింఛను లేదు.

అమెరికా వాడి విషయంలో ఒక చిన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పన్నెండేళ్ళ చదువు మీద మన బి.ఎస్‌సి. మూడేళ్ళు, మొత్తం పదిహేను. అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు పదహారేళ్ళ చదువు అడుగుతాయి. ఎం.ఎస్‌సి. కూడా అయితే పదిహేడు. మధ్యలో ఆగినవాడికి ఒక్క ఏడాది తక్కువై తలుపు మూసుకుంటుంది.

నా 350 రూపాయల కథకు వస్తాను. ఆ జీతానికి నేను చేరిన రోజుల్లోనే హైదరాబాదులో ఒక పెద్ద మార్పు వస్తున్నదని నాకు తెలియదు. బాయిలరు వేడిలో నిలబడినవాడికి చరిత్ర కనబడదు. 1944లో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రయోగశాల 1956లో కేంద్ర పరిశోధనా మండలి కిందికి వచ్చింది. ఇప్పుడు దాన్నే ఐ.ఐ.సి.టి. అంటున్నాం. 1961లో ఏర్పడ్డ ఐ.డి.పి.ఎల్. మందులతో పాటు మందులు చేయడం తెలిసిన మనుషులనూ తయారుచేసింది. 1970లో ఢిల్లీలో పేటెంట్ల చట్టం మార్చారు. మందుకు కాక, మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు అన్నారు. అంటే విదేశీ కంపెనీ ఒక దారిన చేసిన మందును మనవాడు ఇంకో దారిన చేసి అమ్ముకోవచ్చు. ఆ ఇంకో దారి కనిపెట్టడానికి కావలసింది కెమిస్టు. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికి వచ్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1986లో అరబిందో, 1990లో దివీస్, 1993లో హెటెరో. జీడిమెట్లలో, బొల్లారంలో, పటాన్‌చెరులో రియాక్టర్లు లేచాయి. నా చేతిలో కాగితం 1980లో ఎలా వుందో 1990లోనూ అలాగే వుంది, ముద్ర కొంచెం వెలిసిందంతే. కాని దాన్ని చూసి కుర్చీ చూపేవాళ్ళు ఎక్కువయ్యారు. నా ప్రతిభ కొంత వుండవచ్చు. చాలావరకు మాత్రం ఆ చట్టం చలవే.

ఆదివారం తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చింది. చదువుకు అయిన ఖర్చంతా మా తమ్ముడు పాలవాడి పద్దులాగా రాసిపెట్టాడు. కాలేజీ ఫీజు చాలావరకు ప్రభుత్వం కట్టింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో టిక్కెట్టు లేదు కనక చివరి సెమిస్టరులో జనగామకు బస్సు ఖర్చూ లేదు. రికార్డు పుస్తకాలూ, తెల్లకోటూ, పరీక్ష ఫీజులూ, అంతకు ముందు బస్సు ఛార్జీలూ అన్నీ కలిపి మూడేళ్ళకు 30,000.

"ఇంతేనా ఖర్చు?" అన్నాను.

"ఇంతే అన్నా."

"చదవకుండా జనగామలో బట్టల దుకాణంలో పనికి పోయివుంటే నెలకు ఎంతిచ్చేవాళ్ళు?"

"అప్పట్ల ఎనిమిది వేలు."

"మూడేళ్ళకు?"

అమ్మాయి వేళ్ళమీద లెక్కపెట్టకుండానే, "రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు, పెద్దబాపూ" అంది. ఖర్చుతో కలిపితే 3,18,000. మా తమ్ముడి మొహం వాడిపోయింది. పుస్తకంలో రాయని ఈ ఖర్చు అందరికంటే ఎక్కువగా పేదవాళ్ళకే తగులుతుంది.

ఆదాయం వైపు చూశాం. ఆమె స్నేహితురాళ్ళకు హైదరాబాదు చుట్టుపక్కల ఔషధ కర్మాగారాలలో ట్రైనీలుగా నెలకు 16,000 దాకా ఇస్తున్నారట. బట్టల దుకాణంలో ఇప్పుడు 10,000 ఇస్తారనుకుందాం. తేడా 6,000. కాని ఇంటిపట్టున వుంటే లేని హాస్టలు ఖర్చు, తిండితో సహా, 5,500. మిగిలేది నెలకు 500. మూడు లక్షల పద్దెనిమిది వేలను అయిదు వందలతో భాగిస్తే 636 నెలలు. అంటే 53 సంవత్సరాలు. అమ్మాయికిప్పుడు ఇరవై రెండు.

"డెబ్బై అయిదో ఏట నీ చదువు ఖర్చు చేతికొస్తది బిడ్డా" అన్నాను. అది నవ్వింది. మా తమ్ముడు నవ్వలేదు.

ఆ లెక్కలో ఒక తప్పుంది. మొదటి ఏడాది జీతమే ఆఖరిదాకా వుంటుందనుకోవడం. మందుల తయారీకి సంబంధించిన 1945 నాటి నిబంధనలలో ఒక మాట వుంది. మందు తయారీని పర్యవేక్షించే అర్హత ఫార్మసీ పట్టా వున్నవాడికి పద్దెనిమిది నెలల అనుభవంతో వస్తుంది. రసాయన శాస్త్రం ముఖ్యాంశంగా సైన్సు పట్టా పుచ్చుకున్నవాడికి మూడేళ్ళ అనుభవంతో వస్తుంది. నేను ఆ మూడేళ్ళూ పస్తులతో సమానంగా గడిపాను. బాలానగర్‌లో ముగ్గురం ఒక గది. రాత్రి షిఫ్టులో టీ, పగలు నిద్ర, పండక్కి ఇంటికి పోవాలంటే బండి ఛార్జీకి అప్పు. మూడేళ్ళు నిండాక నా పేరు కంపెనీ లైసెన్సు కాగితాలలోకి ఎక్కింది. 350 కాస్తా 1,100 అయింది. 2017లో దిగిపోయేనాటికి 58,000 తీసుకున్నాను. బి.ఎస్‌సి. కెమిస్ట్రీ విలువ మొదటి జీతంలో వుండదు, మూడేళ్ళు దాటిన తరవాత మొదలవుతుంది. అంతవరకూ ఇంటికి పైసా పంపకపోయినా ఇల్లు గడిచేవాడికే అది దక్కుతుంది. మా నాన్నకు అప్పుడు రెండు జతల ఎడ్లూ, నీళ్ళున్న బావీ వున్నాయి. నా పట్టా పండడానికి ఆ బావి ఎంత కారణమో నేను చాలాకాలం గుర్తించలేదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాను. బి.ఎస్‌సి. వాడి నిచ్చెనలో పైమెట్లు కొన్ని విరిగే వుంటాయి. 1990లో నా దగ్గర పని నేర్చుకున్న ఎం.ఎస్‌సి. కుర్రవాళ్ళలో ఇద్దరు 2005 నాటికి నామీద సంతకాలు పెట్టే మేనేజర్లయ్యారు. మంచివాళ్ళే. "సార్" అని నన్ను పిలవడం మానలేదు. జీతాల పట్టీలో మాత్రం సార్లు వాళ్ళే.

అమ్మాయి తన జాబితా తీసింది. ఏయే కొలువులకు తన పట్టా చెల్లుతుందో రాసుకుంది. అందులో సగం నేనే కొట్టివేయవలసి వచ్చింది. "కెమిస్టు అండ్ డ్రగ్గిస్టు" అని బోర్డు పెట్టుకున్న మందుల షాపులో మందు ఇవ్వడానికి కెమిస్ట్రీ పట్టా పనికిరాదు, ఫార్మసీ చదివి రిజిస్టరైనవాడు కావాలి. అదే మందుల టోకు వ్యాపారానికైతే ఏ పట్టా అయినా, ఏడాది అనుభవం వుంటే చాలు. ఆహార భద్రతా అధికారి కావడానికి కెమిస్ట్రీలో ఎం.ఎస్‌సి. పనికొస్తుంది, బి.ఎస్‌సి. చాలదు. భారత అటవీ సర్వీసు పరీక్షకు మాత్రం బి.ఎస్‌సి.లో కెమిస్ట్రీ వుంటే కూర్చోవచ్చు. పంతులు ఉద్యోగానికైతే పక్కనున్న సబ్జెక్టులను బట్టి దారి మారుతుంది. లెక్కలు, ఫిజిక్సుతో కెమిస్ట్రీ చదివినవాళ్ళు బి.ఇడి. చేసి లెక్కలకో, ఫిజికల్ సైన్సుకో పోటీ పడవచ్చు. ఈ అమ్మాయి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రంతో చదివింది కనక బయాలజీ పంతులమ్మ కావాలి. కెమిస్ట్రీ ఇద్దరూ చదివిందే.

"మరి ఎం.ఎస్‌సి. చేస్త పెద్దబాపూ" అంది. ఎం.ఎస్‌సి. చేసి జాతీయ పరీక్షలో నెగ్గితే పరిశోధనకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 ఇస్తున్నారని దానికి తెలుసు. మా తమ్ముడు నేలవైపు చూశాడు. ఎం.ఎస్‌సి. అంటే ఇంకో రెండేళ్ళు. కొడుకు ఇంటరు రెండో ఏడాది.

మాట మార్చడానికి నేను అయిదోవాడి సంగతి ఎత్తాను. మా బల్ల మీద అందరికంటే చేయి నిదానమైన వాడు. జీడిమెట్లలో నాతోనే చేరాడు. ఏడు నెలలకు తండ్రి పోయాడు. ఇద్దరు చెల్లెళ్ళు, తల్లి. 350లో ఏం పంపగలడు? సంచి సర్దుకుని ఊరికి పోయి నాగలి పట్టాడు. వాడి పట్టా రూపాయి సంపాదించలేదని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

1997-98లో వరంగల్ జిల్లా పత్తిచేల మీద లద్దెపురుగు పడ్డ సంగతి ఈ ప్రాంతం వాళ్ళెవరూ మరిచిపోలేరు. కొట్టిన మందు పనిచేయక మళ్ళీ కొట్టారు, అప్పుచేసి మళ్ళీ కొట్టారు. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అమ్మిన మందుల్లో నకిలీవి వున్నాయన్న మాట అప్పుడు ఊరూరా వినబడింది. ఆ రోజుల్లో వాడు ఏ దుకాణానికి పోయినా వెంట ఒక గాజుగ్లాసు తీసుకుపోయేవాడు. గ్లాసు నిండా నీళ్ళుపోసి, నూనెలా వుండే ఆ మందు నాలుగు చుక్కలు వేయమనేవాడు. నీళ్ళలో కలిపి కొట్టే అలాటి మందు సరైనదైతే నీళ్ళు పాలలా తెల్లబడి అలాగే వుండాలి. కాసేపటికే నూనె పైకి తేలిందంటే ఆ సీసా ముట్టుకోకూడదు. తెల్లబడినంత మాత్రాన మందు అసలైనదని కాదు సుమండీ. లోపల పురుగును చంపే సరుకు ఎంత వుందో తెలియాలంటే పెద్ద ప్రయోగశాల కావాలి. కాని చెడ్డదాన్ని పట్టుకోవడానికి గ్లాసు చాలు. దుకాణదారులు తిట్టేవారట. చుట్టుపక్కల రైతులు మాత్రం వాడు వద్దన్న సీసా కొనేవారు కారు. వాడి చేనూ పోయింది. పురుగు ఎవరినీ వదలలేదు. కాని మూడు మందుల అప్పు మీద పడలేదు. మా తమ్ముడికి పడింది. అది తీరడానికి ఆరేళ్ళు పట్టింది.

మా తమ్ముడు తల వూపాడు. "యాదికుంది. గ్లాసు పట్టుకొని తిరుగుతుంటే నవ్వితిమి" అన్నాడు.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత, "పెద్దబాపూ, కాయితంతోని నన్ను గూడ తీసుకోమని ఆ దుకాణపాయనను అడుగుదాం. నెలకు ఎనిమిది వేలియ్యమను. నేనే కూసుంట" అంది.

మర్నాడు ముగ్గురం పోయాం. దుకాణదారు మర్యాదస్తుడు, కుర్చీలు వేయించి చల్లనీళ్ళు తెప్పించాడు. అంతా విని నవ్వి, "సీజన్ల రాత్రి తొమ్మిదైతది సారూ, ఆడపిల్లతోని కాదు" అన్నాడు. తరవాత నిజం చెప్పాడు. "నాకు సార్లు వచ్చినప్పుడు సూపెట్టేటందుకు కాయితం కావాలె. మందు ఇచ్చేటందుకు మనిషున్నడు." కాగితానికి ఏడాదికి 12,000. మనిషితో సహా అయితే 96,000. తేడా 84,000, అంటే ఆమెకు తెలిసిన దాని ఖరీదు. అది ఆయనకు అక్కర్లేదు.

దారిలో మా తమ్ముడు, పన్నెండు వేలు ఊరికే వస్తుంటే ఎందుకు పోగొట్టుకోవాలని ఒక మాట అన్నాడు. తప్పు పట్టలేను, అతని యింట్లో అది రెండు నెలల ఖర్చు. కాని రేపెప్పుడో ఆ దుకాణంలో నమూనా తీసి పరీక్షకు పంపితే, నాసిరకమని తేలితే, గోడమీది పేరుగల మనిషికీ తాఖీదు రావచ్చునని చెప్పాను. అదీకాక మనిషి లేకుండా కాగితం పెట్టడం చట్టాన్ని మోసం చేయడమే. అమ్మాయి మాత్రం ఇవేవీ అక్కరలేకుండానే, "ఇయ్యను" అంది.

ఒక ఔషధ కర్మాగారం నుంచి జూలై మొదటివారంలో ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చింది. అంతలో జూన్ 30న పాశమైలారంలో ఔషధ సంబంధమైన కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. టీవీ చూసిన తల్లి పిల్లను గడప దాటనివ్వనంది. నన్ను పిలిపించి, "బావా, నువ్వు ముప్ఫై ఏండ్లు జేసినవు, ఒట్టేసి చెప్పు, భయం లేదా?" అని అడిగింది. లేదని ఎలా చెబుతాను? టోలీన్, పిరిడీన్ ఆవిర్లు పీల్చి పీల్చి నాకిప్పుడు మల్లెపూలకూ కనకాంబరాలకూ వాసనలో తేడా తెలియదు. రియాక్టరు దగ్గర నిలబడే పని వేరు, నాణ్యత పరీక్షించే ప్రయోగశాల పని వేరు అని చెప్పాను. రెండోదానిలో ప్రమాదం తక్కువ, లేదనలేను. ఏ విభాగంలోకి తీసుకుంటారో రాతపూర్వకంగా అడగమన్నాను. ఆ ఇల్లాలు నెల రోజులు మెత్తబడలేదు.

ఈలోగా అమ్మాయి ఎం.ఎస్‌సి. ప్రవేశపరీక్ష కూడా రాసింది. సీటు వచ్చింది. ఆ కాగితం చూపడానికి మా యింటికి వచ్చిన రోజు దాని మొహంలో సంతోషం చూసి నేను నా దగ్గరున్న డబ్బు లెక్కపెట్టుకున్నాను. 2,000 పింఛనువాడి మాట ఏపాటిది? రెండు రోజుల తరవాత తనే వచ్చి, "తమ్ముడి ఫీజు కట్టాలె పెద్దబాపూ. కొలువుకే పోత. ఎం.ఎస్‌సి. తర్వాత సూస్త" అంది. తరవాత ఎప్పుడని నేను అడగలేదు.

ఆగస్టులో పరీక్షల విభాగంలో చేరింది. చేరేటప్పుడు అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర వుంచమన్నారట. నేను ముందే చెప్పివుంచాను కనక నకళ్ళు మాత్రమే ఇచ్చింది. కొంచెం గొణిగి ఒప్పుకున్నారు. ఇక్కడ గోడకు, అక్కడ బీరువాకు. పట్టామీద అందరికీ ఎంత ప్రేమో చూడండి! రాత్రి షిఫ్టులో అప్పుడప్పుడు ఫోను చేసి, మందులో తేమ శాతం కొలిచే యంత్రం అంకెలు నిలకడగా రావడం లేదని అడుగుతుంది. వానాకాలం గాలిలో తడి చేరి వుంటుంది, సీలు చూడమంటాను. సరిపోయిందని మళ్ళీ చేస్తుంది. ఆ రాత్రులు నాకు నిద్ర పట్టకపోయినా బాగుంటుంది.

మొదటి నెల భవిష్యనిధి పోను చేతికి 14,080 వచ్చింది. ఇంటికి 4,000 పంపింది. అప్పుడు మా వైపు యూరియాకు కటకటగా వుంది, దుకాణాల ముందు తెల్లవారుజామునుంచే వరసలు. మా తమ్ముడు ఆ డబ్బులో కొంత పట్టుకుని, నన్ను తోడు తీసుకుని అదే దుకాణానికి పోయాడు. రెండు బస్తాలు దొరికాయి. చిల్లర ఇస్తుండగా గోడవైపు చూశాను. అద్దాల చట్రంలో ఒక బి.ఎస్‌సి. పట్టా వేలాడుతోంది. పేరు చదివాను. ఘనపూర్ వైపు కుర్రవాడు, హైదరాబాదులో అద్దెకారు నడుపుతున్నాడని విన్నాను.

నేను చూడడం దుకాణదారు చూశాడు. కొంచెం సిగ్గుపడినట్లే కనిపించాడు.

"పదివేలకే ఒప్పుకున్నడు సారూ" అన్నాడు.